పొగ రాని బండి

పొగ రావడం లేదన్న నేరానికి మా జిల్లాలో పట్టుబడ్డ మొదటి కారు మా బావది. బహుశా దేశంలోనే మొదటిది కావచ్చు. కానీ దేశం సంగతి నాకు తెలియదు. నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిని.

మా బావ పేరు సలాది ధర్మారావు. రైల్వేస్టేషన్ బయట టాక్సీ స్టాండులో ఆయనకో చోటుంది. విశాఖపట్నంలో ఎవరో డాక్టరుగారు అమ్మేస్తుంటే వెళ్లి ఒక హైబ్రిడ్ కారు కొనుక్కొచ్చాడు. హైబ్రిడ్ అంటే ఏమిటో స్టాండులో అందరికీ ఆయనే పాఠం చెప్పేవాడు. లోపల పెట్రోలు ఇంజనూ ఉంటుంది, పెద్ద బ్యాటరీ, దానికో మోటారూ ఉంటాయి. నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ బ్యాటరీ లాగుతుంది. వేగం అందుకుంటే ఇంజను కలగజేసుకుంటుంది. బండి ఆగితే ఇంజను తనంతట తానే ఆగిపోతుంది. రైల్వే గేటు పడ్డప్పుడు చుట్టూ ఉన్న బళ్లన్నీ గడగడలాడుతుంటే మా బావ బండి మాత్రం నోరు మూసుకుని కూర్చునేది. కొత్తవాళ్లు బండి చచ్చిపోయిందనుకుని దిగి ఆటో కోసం చూసేవాళ్లు.

ఆ బండి మీదే మా అక్క సంసారం నడుస్తోంది. అంతకంటే ముఖ్యంగా, ఆ బండి మీదే కామేశ్వరమ్మ టీచరుగారు నడుస్తున్నారు. రిటైరైన లెక్కల టీచరు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండు సార్లు రాజమండ్రి తీసుకెళ్లి, డయాలసిస్ అయ్యేదాకా కాచుకుని, వాడిపోయిన మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకొచ్చేవాడు మా బావ. ఆ రెండు రోజుల్లో పెళ్లివారు పిలిచినా వెళ్లేవాడు కాదు.

ఇలా ఉండగా ప్రభుత్వం వారికి గ్యాసు మీద ప్రేమ పుట్టింది. మా నేల కింద గ్యాసుందని మాకెప్పుడో తెలుసు. తవ్వుకుపోయేవాళ్లు తవ్వుకుపోతూనే ఉన్నారు. అయితే ఆ గ్యాసును బళ్లలో పోసుకోవచ్చని ప్రభుత్వానికి హఠాత్తుగా తట్టేసరికి ‘వాయు మహోత్సవం’ మొదలైంది. ఊరంతా ‘గ్యాసే మన శ్వాస’ అని ఫ్లెక్సీలు కట్టారు. మా స్కూల్లో ‘గ్యాసు – నా జీవితాశయం’ అని వ్యాసరచన పోటీ పెట్టారు. పిల్లల్ని గ్రౌండులో సిలిండరు ఆకారంలో నిలబెట్టమని నాకు ఆర్డరొచ్చింది. నిలబెట్టాను. ఎండకి సిలిండరు మూత దగ్గర ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోతే, ఫొటోలో గ్యాసు లీకైనట్టు కనబడుతోందని పెద్దాఫీసరు నన్నే కేకలేశాడు.

మహోత్సవంలో భాగంగా ఒక నియమం వచ్చింది. గ్యాసుకి మార్చుకున్న టాక్సీలకే ఇకమీదట పర్మిట్టు. తన బండి ముందే సగం పెట్రోలు ఆదా చేస్తోందని చెప్పుకోవడానికి మా బావ రవాణా ఆఫీసుకు వెళ్లాడు. తోడు నేనూ వెళ్లాను.

అక్కడ ఇన్‌స్పెక్టరు పేరి సత్యగోపాలం గారు. చేత్తో పైసా ముట్టని మనిషి. ముట్టే ఆఫీసరైతే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

“మీ వాహనం తక్కువ తాగుతుందా, ఎక్కువ తాగుతుందా అన్నది మా పరిశీలనాంశం కాదు. ఏమి తాగుతుందన్నదే పరిశీలనాంశం,” అన్నారాయన.

“సగం దూరం ఏమీ తాగదండి,” అన్నాడు మా బావ.

“ఏమీ తాగకపోవడం జాబితాలో లేదు.”

దాంతో బండిని బుజ్జి దగ్గరికి తీసుకెళ్లాం. వాయు మహోత్సవం రాకముందు బుజ్జి వంటగ్యాసు పొయ్యిలు బాగుచేసేవాడు. వచ్చాక బోర్డు మార్చి, పాత బోర్డు వెనకవైపే ‘ఇచ్చట అన్ని కార్లకు గ్యాసు కిట్లు’ అని రాయించాడు. హైబ్రిడ్ అని చెబితే వెనకాడతాడేమో అనుకున్నాం.

“సేసేద్దారండి. ఏవుందండి ఇందులో? పొయ్యైనా ఇంజనైనా లోపల మండేదేగదండి,” అన్నాడు.

చేసేశాడు. డిక్కీ నిండా సిలిండరు కూర్చుంది. టీచరుగారి సంచీ, ఫ్లాస్కు, దుప్పటి ఆవిడ ఒళ్లోకి వచ్చాయి. అయినా బండి గ్యాసు మీద నడిచింది, పెట్రోలు మీద నడిచింది, బ్యాటరీ మీదా నడిచింది. మా బావ సంబరపడ్డాడు. ఇక మిగిలింది పొగ పరీక్ష ఒక్కటే.

మామూలుగా పొగ పరీక్ష అంటే మా ఊళ్లో బండి అక్కర్లేదు, నంబరు చాలు. కానీ మహోత్సవం కాబట్టి సత్యగోపాలం గారు స్వయంగా చేయిస్తున్నారు. అటెండరు అప్పన్న మిషను గొట్టం తెచ్చి మా బావ బండి వెనక దూర్చాడు.

“స్టార్టు చేయండి,” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

“అయ్యిందండి,” అన్నాడు మా బావ.

“ఏదీ?”

“ఇంజను ఆగిందండి. బండి ఆన్‌లోనే ఉందండి.”

మిషను సున్నా చూపించింది. అప్పన్న దాని నెత్తిన ఒకటిచ్చాడు. మళ్లీ సున్నానే.

“సున్నా అంటే మంచిదే గదండి. అసలు పొగే లేదండి,” అన్నాడు మా బావ చేతులు కట్టుకుని.

సత్యగోపాలం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ధర్మారావు గారూ, పొగ పరిమితికి లోబడి ఉన్నదని నేను సంతకం పెట్టాలి. లేని పొగ దేనికి లోబడి ఉన్నదని పెట్టమంటారు? ముందు పొగ రావాలి. వచ్చిన పొగ తక్కువగా ఉండాలి. అసలు రాకపోవడం అనేది పరీక్షకు గైర్హాజరు కావడం.”

మా వెనకే ఒక ఇసుక లారీ నిలబడి ఉంది. దాని పొగకి మాకు అవతలి గోడ కనబడలేదు. అప్పన్న గొట్టం పెట్టగానే మిషను కెవ్వుమంది.

“పొగ ఉంది. కొలిచాం. మందలించాం. వెళ్లవచ్చు,” అని లారీకి కాగితం ఇచ్చారు.

కంపెనీ పుస్తకంలో ఏదో ఉపాయముందని, పెడలు ఒక పద్ధతిలో నొక్కితే బండి ఆగి ఉన్నా ఇంజను ఆగకుండా తిరుగుతుందని మా బావ చెప్పబోయాడు. ఇన్‌స్పెక్టరుగారు చెయ్యెత్తి ఆపారు.

“నియమావళిలో ‘నిలిచియున్న వాహనము, సహజ స్థితిలో’ అని ఉన్నది. నొక్కిన స్థితి సహజ స్థితి కాదు. సహజంగానే పొగ రావాలి. వచ్చేవరకు వేచి ఉందాం.”

కుర్చీ వేయించుకుని బండి వెనక కూర్చున్నారు. గొట్టం చేత్తో పట్టుకుని, చెరువులో గాలం వేసినవాడిలా కదలకుండా చూస్తున్నారు. ఏసీ వాడకానికి బ్యాటరీ తరిగినప్పుడల్లా ఇంజను ఒక్కసారి గుర్రుమనేది. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి ఆయన చేతిలో గొట్టం జారిపోయేది. తీసి పెట్టేలోగా ఇంజను ఆగిపోయేది. మధ్యాహ్నం దాకా ఇదే వరస. చివరికి ఆయన లేచి, చెమట తుడుచుకుని, అప్పన్న చేత రాయించారు: ‘సదరు వాహనము అధికారిని చూచి ఉద్దేశపూర్వకముగా పొగను దాచుకొనుచున్నది. పొగ దాచినందుకు ఏల చర్య తీసుకొనరాదో యజమాని సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’

ఈలోగా పాత పర్మిట్టు గడువైపోయింది. ఊరి పొలిమేరలో చెక్‌పోస్టు దాటితే బండి పట్టుకుపోతారు. రాజమండ్రి ప్రయాణం ఆగింది. సంగతి తెలిసి కామేశ్వరమ్మ టీచరుగారు ఆటోలో నేరుగా రవాణా ఆఫీసుకే వచ్చేశారు. కాళ్లు వాచి, చెప్పుల్లో పట్టడం లేదు. ఆవిణ్ణి చూడగానే సత్యగోపాలం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆవిడ దగ్గరే లెక్కలు చదువుకున్నారట.

“ఏం సత్యం, సున్నా వస్తే సున్నా అని వేయాలి కానీ పరీక్షే రాయలేదని ఎలా రాస్తావు? నేనెప్పుడైనా అలా రాశానా?” అన్నారావిడ.

“తమరు రాయలేదండి. సున్నా వేశారు. అది ఇప్పటికీ స్కూలు రికార్డులో ఉందండి. తమరు నియమం తప్పలేదు, నన్ను కూడా తప్పమనకండి,” అన్నారాయన చేతులు జోడించి.

“నేను రాజమండ్రి వెళ్లకపోతే ఏమవుతుందో తెలుసా నీకు?”

“తమరి మీద గౌరవంతో ఈ ఫైలును ఈ రోజే పైకి పంపుతానండి,” అన్నారు. గౌరవం నిజమే. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ నీళ్లతోనే ఫైలు పైకి పంపారు.

టీచరుగారు బస్సులో వెళ్లడం మొదలుపెట్టారు. రావులపాలెంలో దిగి ఇంకో బస్సు మారాలి. డయాలసిస్ అయ్యాక నిలబడే ఓపిక ఉండదు, నిలబడితే తప్ప చోటుండదు. ఒకసారి తిరుగు ప్రయాణంలో ఫుట్‌బోర్డు మీద కూలబడిపోయారని కండక్టరే ఫోన్ చేశాడు. మా బావ ఆ రోజు అన్నం తినలేదు. నాకైతే ఒళ్లు మండిపోయింది. ప్రభుత్వోద్యోగిని కాబట్టి లోలోపలే మండింది.

పైన కమిటీ కూర్చుంది. కమిటీ చాలా లోతుగా ఆలోచించి రెండు సత్యాలు కనిపెట్టింది. ఒకటి, ఈ బండికి కదులుతున్నప్పుడే పొగ వస్తుంది. రెండు, పరీక్ష ఆగి ఉన్నప్పుడే చేయాలి. అందువల్ల ‘పరుగెత్తుచున్న వాహనమును నిలిచియున్నట్లుగా భావించి పరీక్షించవలెను’ అని తీర్మానం పంపింది. నిలబడినట్టు భావించడం సులువే. గొట్టం పట్టుకుని వెనక పరుగెత్తేది ఎవరు? ఆఫీసులో అందరూ ఒకసారి తమ పొట్టలు చూసుకుని, తర్వాత నా వంక చూశారు.

అలా మా స్కూలు గ్రౌండులో, మా పిల్లల ఎదుట, బావ కారు వెనక గొట్టం దూర్చి పట్టుకుని నేను పరుగెత్తాను. మిషను మెడలో వేసుకుని అప్పన్న నా పక్కన పరుగెత్తాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను అందుకోగలిగినంత వేగంలో బండి బ్యాటరీ మీద సుతారంగా పోయింది, పొగ లేదు.

“ఇంకా వేగం పెంచండి,” అని గట్టు మీంచి అరిచారు సత్యగోపాలం గారు.

మా బావ పెంచాడు. ఇంజను అందుకుంది. బండి పోయింది, దాంతోపాటు గొట్టమూ పోయింది. నేను బోర్లా పడ్డాను. మోకాలి చిప్ప మీద ఆ గుర్తు ఇంకా ఉంది. నా కుంటి నడక చూసి పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు, నేర్పేది డ్రిల్లు కదా మరి.

మనిషి వల్ల కాదని తేలాక జీపు దింపారు. రవాణా శాఖ జీపు వయసు ఎవరికీ తెలియదు. అది బయల్దేరితే వెనక వీధి కనబడదు. బైపాస్ రోడ్డు మీద మా బావ కారు పక్కపక్కనే జీపు నడిపించారు. జీపు వెనక బల్ల మీద మిషను ఒళ్లో పెట్టుకుని ఇన్‌స్పెక్టరుగారు కూర్చున్నారు. పొడుగాటి గొట్టం ఒకటి జీపులోంచి కారు వెనకదాకా వెళ్లింది. ఊడిపోకుండా అప్పన్న దాన్ని గుడ్డ పీలికతో కట్టాడు. రెండు బళ్లూ కలిసి వేగం అందుకున్నాయి. ఇంజను మొదలైంది. అదే సమయానికి స్పీడ్‌బ్రేకరు వచ్చింది. పీలిక ఊడి, గొట్టం కారులోంచి జారి, జీపు వెనకే వేలాడుతూ సరిగ్గా జీపు పొగ ముందుకొచ్చి నిలిచింది. మిషను కీచుమంది. ముల్లు అటు కొసకి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

“పొగ దొరికింది,” అన్నారు సత్యగోపాలం గారు. అంత ఆనందం ఆయన మొహంలో నేను మునుపెన్నడూ చూడలేదు.

“అది మీ జీపు పొగండి. గొట్టం ఊడిపోయిందండి, చూడండి కావాలంటే,” అన్నాడు మా బావ.

“ప్రభుత్వ వాహనానికి పొగ పరీక్ష నుండి మినహాయింపు ఉన్నది. పరీక్షే లేని వాహనానికి పొగ ఉన్నట్టు ఎక్కడా రుజువు లేదు. పరీక్షలో ఉన్న వాహనం మీదొక్కటే. కావున అది మీ పొగ.”

పరిమితికి ఎన్నో రెట్లు మించి పొగ వదులుతోందని బండిని పట్టుకుని ఆఫీసు ఆవరణలో పెట్టేశారు. నిన్నటిదాకా పొగ దాచుకుందన్న కేసు, ఈ రోజు పొగ వదిలిందన్న కేసు. రెండూ ఒకే బండి మీద ఒకే ఫైల్లో పక్కపక్కనే పడుకున్నాయి. మా బావ రోజూ పొద్దున్నే వెళ్లి బండి మీద దుమ్ము తుడిచి వచ్చేవాడు. మా అక్క పక్కింటి వాళ్ల కుట్టుమిషను అరువు తెచ్చుకుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది.

మహోత్సవం ముగింపు దగ్గర పడింది. మా జిల్లాలో ఒక్క బండి మిగిలిపోయిందని పైనుంచి అక్షింతలు పడ్డాయి. అప్పుడు సత్యగోపాలం గారే దారి చెప్పారు.

“వాహనం నిలిచినప్పుడు ఇంజను ఆగుతున్నది. ఇంజనును ఆగనిస్తున్నది బ్యాటరీ. బ్యాటరీ అనునది పొగకు ప్రతిబంధకం. ప్రతిబంధకాన్ని తొలగించండి. ఇంజను నిరంతరం తిరుగుతుంది, పొగ నిరంతరం వస్తుంది, నేను కొలుస్తాను, మీరు వెళ్లిపోవచ్చు.”

మా బావ బుజ్జి వంక చూశాడు.

“తీసేద్దారండి. ఏవుందండి? గ్యాసుంది, పెట్రోలుంది, మూడోది దేనికండి బరువు?” అన్నాడు బుజ్జి.

“కాయితం వచ్చాక మళ్లీ పెట్టేద్దారండి,” అని మా బావ చెవిలో కూడా చెప్పాడు. ఆ మాట విన్నట్టున్నారు, వెనక సీటు కింద నుంచి నలుగురం మోసుకొచ్చిన బ్యాటరీని ఇన్‌స్పెక్టరుగారు స్ట్రాంగ్‌రూములో పెట్టించి సీలు వేశారు. పరీక్షించిన వాహనమూ రోడ్డు మీద తిరిగే వాహనమూ ఒక్కటే అయి ఉండాలట.

మా బావ వెళ్లి బండిలో కూర్చుని మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. ఆ కారులో ఇంజనుని తిప్పాల్సింది కూడా ఆ బ్యాటరీయేనని మాకెవ్వరికీ తెలియదు. కంపెనీవాణ్ణి అడిగితే చెప్పేవాడు. కానీ కంపెనీవాణ్ణి అడగాలని ఏ నియమంలోనూ లేదు.

బుజ్జి బుర్ర గోక్కున్నాడు. “పొయ్యిలకి బ్యాటరీ ఉండదు గదండి మరి,” అన్నాడు.

మా బావ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నేను సత్యగోపాలం గారి దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి, ఆ బ్యాటరీ ఇచ్చెయ్యండి, బండి చచ్చింది, అవతల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది అన్నాను. ఉద్యోగం సంగతి మర్చిపోయి గట్టిగానే అన్నాను.

“వాహనం కదలడం మా శాఖ పరిధిలోనిది కాదు. పొగ మాత్రమే మా పరిధి. పరీక్షా స్థలానికి తీసుకురండి,” అన్నారాయన.

తోశాం. మా బావ స్టీరింగు పట్టుకుని పక్కనుంచి, నేనూ బుజ్జీ అప్పన్నా వెనకనుంచి. సిలిండరు బరువుకి ఆవరణ దాటేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పరీక్షా స్థలంలో ఆపి బుజ్జి ఒక పక్కకి కూలబడి బీడీ ముట్టించాడు.

సత్యగోపాలం గారు ఒక్కసారి ఆగిపోయారు. గాలి పీల్చారు. “ఈ వాహనం ఇక్కడికి దేనితో నడిచింది?” అన్నారు నెమ్మదిగా.

“మాతోనండి,” అన్నాడు మా బావ.

“వాహనాన్ని ఏది నడిపితే అదే దాని చోదక శక్తి. చోదక శక్తి నుండి వెలువడేదే దాని పొగ.” బుజ్జి నోటివంక చూపించారు. “అదిగో పొగ. నిలిచియున్న వాహనం. సహజ స్థితి.”

అప్పన్న గొట్టం తీసుకుని బుజ్జి నోటి దగ్గరికి వెళ్లబోయాడు. ఇన్‌స్పెక్టరుగారు ఆపారు. “మెకానిక్కు తాత్కాలిక శక్తి. యజమాని శాశ్వత శక్తి. వారు ఊదాలి.”

బుజ్జి బీడీ ఇచ్చాడు. మా బావ దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక పెన్సిలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నేను వద్దన్నాను. ఆయన నావంక చూడలేదు. ఒక దమ్ము లాగి, ఉక్కిరిబిక్కిరై, కళ్లంట నీళ్లు కారుతుండగా గొట్టంలోకి దగ్గాడు. మిషను ముల్లు కొంచెం కదిలి, మధ్యలో బుద్ధిగా నిలబడింది.

“పరిమితికి లోబడి ఉన్నది,” అన్నారు సత్యగోపాలం గారు. పొగ సర్టిఫికెట్టు, గ్యాసు ధ్రువపత్రం, పర్మిట్టు అక్కడికక్కడే సంతకం పెట్టి, మా బావకి కరచాలనం చేశారు. ఎవరో ఫొటో తీశారు. జిల్లా నూటికి నూరు శాతం గ్యాసు జిల్లా అయిందని ఆ సాయంత్రం టౌన్‌హాల్లో సభ పెట్టి సత్యగోపాలం గారికి శాలువా కప్పారట. మేం వెళ్లలేదు. మేం బండిని ఇంటికి తోసుకుంటున్నాం.

దారిలో మా బావ ఫోను మోగింది. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఎత్తాడు. టీచరుగారు. ఆఫీసులో పనయ్యిందని ఎవరో చెప్పారట, రేపు డయాలసిస్‌కి ఎన్నింటికి రెడీగా ఉండమంటావని అడిగారు. చుట్టూ నిశ్శబ్దంగా ఉండటంతో ఆవిడ గొంతు నాకూ వినబడుతోంది.

“కాయితాలన్నీ వచ్చేసినియ్యండి టీచరుగారూ,” అన్నాడు మా బావ. ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. “ఏ చెక్‌పోస్టులోనూ ఎవడూ ఆపలేడండి. బండే కదలదండి.”



“సరే ధర్మారావ్,” అన్నారావిడ. “పొద్దున మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కుని చెప్పు.”